అత్తగారి షాకబ్జర్లు

నగరం అనే ఊళ్ళో మిషను బడిలో పనిచేసే వరప్రసాదం మేష్టారికి దేవుడు అన్నీ ఇచ్చాడు గాని, రెండిట్లో ఒకటి ఎంచుకునే బుద్ధి మాత్రం ఇవ్వలేదు. సంతలో వంకాయల బుట్ట ముందు కూర్చున్నాడంటే పొద్దు వాలిపోయేది. నల్లవి చేతిలోకి తీసుకుంటే తెల్లవి బాగున్నట్టుండేవి, తెల్లవి తీసుకుంటే నల్లవి. చివరికి అమ్మే మనిషే విసిగిపోయి ఏవో నాలుగు సంచిలో పడేసి పంపించేది. పెళ్ళి కూడా అలాగే అయింది. తల్లీ తండ్రీ లేని కుర్రాడు, హాస్టల్లో పెరిగాడు. పెట్టింది తినడమే తప్ప ఇది కావాలని నోరు తెరిచి అడిగి ఎరగడు. రాజోలు చుట్టుపక్కల బైబిలు స్త్రీగా ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ఎలీసమ్మ గారు ఆ కుర్రాణ్ణి చూసి ముచ్చటపడి, "మా రూతుని చేసుకుంటారా బాబూ?" అని అడిగింది. "ఆయ్, మీ ఇష్టమండి" అన్నాడు. అంతే, పెళ్ళయిపోయింది. తను ఎంచుకోలేదు కాబట్టే అంత బాగా కుదిరిందని తర్వాత తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు.

అలాంటి మనిషి నెత్తిన, పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, మోటారు సైకిలుకి వెనక షాకబ్జర్లు ఎంచుకునే పని పడింది. ఇందులో అంత పెద్ద విషయం ఏముందని నవ్వకండి. ఆ షాకబ్జర్ల మీద ఒక మనిషి కాళ్ళు ఆధారపడి ఉన్నాయి.

ఆ మనిషి ఎలీసమ్మ గారే. బతుకంతా నడిచిన మనిషి. చేతిలో సంచి, సంచిలో బైబిలు, ఒక తుండుగుడ్డ, దారిలో పిల్లలు కనిపిస్తే పెట్టడానికి బెల్లం ముక్కలు. వానైనా ఎండైనా గట్ల మీద ఆవిడ తెల్లచీర కనపడాల్సిందే. పని మానేసిన రోజున దగ్గరున్నదంతా ఊడ్చి, మూడు చేతులు మారిన మోటారు సైకిలొకటి కొని అల్లుడి చేతిలో పెట్టింది. "మీరు ఎదురుగాలిలో సైకిలు తొక్కుతుంటే చూళ్ళేకపోతున్నానండి అల్లుడుగారూ" అంది. మామిడికుదురులో ఇల్లు, నగరంలో బడి. ఆ కాస్త దూరానికి మోటారు సైకిలు ఎందుకని వరప్రసాదం అనుకున్నాడే గాని అనలేదు. అత్తగారు ఇచ్చిన దాన్ని వద్దనడం ఆయన వల్ల అయ్యే పనా!

ఆ మరుసటి ఏడు ఆవిడ నడుం వంగింది. ముసలితనం అనుకున్నారు. రాత్రిళ్ళు జ్వరం, పగలు నొప్పి. అమలాపురం తీసుకెళ్ళి ఫొటో తీయిస్తే, వెన్నులో పూస పుచ్చిందన్నారు డాక్టరు గారు. మందు వాడితే తప్పకుండా మానుతుందట. అయితే పూస గట్టిపడేదాకా నడుముకి కుదుపు తగలకూడదు. తగిలితే నరం నొక్కుకుపోయి కాళ్ళు పడిపోతాయి. ఆస్పత్రిలోనే ఉంచుదామంటే మంచాలు ఖాళీ లేవు. ఇంట్లో పడుకోబెట్టి, వారానికోసారి తీసుకొచ్చి కాళ్ళు చూపించమన్నారు. కుదుపు తగలకూడదంటారు, వారం వారం తీసుకురమ్మంటారు! వరప్రసాదం ఆ రెండు ముక్కలూ విని, డాక్టరు గారి మొహం కేసి చూసి, "ఆయ్, అలాగేనండి" అని వచ్చేశాడు. ఎలాగో ఆయనకే తెలీదు.

మొదటి వారం బస్సులో తీసుకెళ్ళాడు. పాశర్లపూడి రేవు దాకా ఒక బస్సు, గోదావరి పాయ వైనతేయని పంటు మీద దాటాక బోడసకుర్రు నుంచి ఇంకో బస్సు. రెండో దాంట్లో ఎవరి మోచెయ్యో నడుముకి తగిలి ఎలీసమ్మ గారికి కళ్ళు తేలిపోయాయి. కారు మాట్లాడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నాకోసం కారేవిటండీ, ఊళ్ళో నవ్విపోతారు. మీ బండి ఉందిగా, హాయిగా మీ వెనక కూర్చుంటాను" అంది. రూతు వెళదామంటే చంకలో చంటిపిల్ల. అలా ఆ భారం బండి మీద పడింది, బండి భారం వరప్రసాదం మీద పడింది.

బండి చూస్తే వెనక షాకబ్జర్లు రెండూ ఆయిలు కక్కేసి ఉన్నాయి. పాపం కంపెనీ వాడి తప్పేం కాదు, మూడు సంసారాలు మోసిన బండి అది. సీటు మీద చెయ్యేసి నొక్కితే కిందికి పోయి అక్కడే ఉండిపోయేది. మామిడికుదురు సెంటర్లో పాకలో పనిచేసే మెకానిక్కు పెద్దిరాజు చూసి, "మార్చాలండి మేష్టారూ" అన్నాడు.

అమలాపురంలో స్పేరు పార్టుల కొట్టు త్రిమూర్తులుది. "కంపెనీవి ఇక్కడికి రావండి, మద్రాసు రాయాలండి. ఎప్పుడొస్తాయో చెప్పలేం. బయటివి ఉన్నాయండి, చూడండి" అని రెండు జతలు బల్ల మీద పెట్టాడు. ఒక జత లావుపాటి స్ప్రింగులది, రంగు కూడా నల్లగా మొరటుగా ఉంది. రెండోది సన్నపు స్ప్రింగు, పైన మెరిసే గొట్టం.

"మా అత్తగారికండి. నడుం బాగాలేదు. కుదుపు తగలకూడదండి" అన్నాడు వరప్రసాదం.

"ఆయ్."

"ఈ లావువి గట్టిగా ఉంటాయా?"

"ఆయ్, ఇనపముక్కండి. పది కాలాలుంటాయి."

"మరి ఈ సన్నవి మెత్తగా ఉంటాయా?"

"ఆయ్, దూదండి."

"ఏవి మంచివంటారు?"

"మీకేవి నచ్చితే అవే మంచివండి" అన్నాడు త్రిమూర్తులు, ఎంతో గౌరవంగా.

మా కోనసీమ వాళ్ళ మర్యాద మీద నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎదుటి మనిషి మొహంలో ఏ జవాబు కనిపిస్తే ఆ జవాబే ఇస్తారు. ఆ లావు స్ప్రింగులు ఎవరి కోసం వచ్చాయో త్రిమూర్తులికి తెలీదా? ఈ ప్రాంతంలో మోటారు సైకిలంటే మనుషులకి ఒక పూట, కొబ్బరికాయలకి మూడు పూటలు. రెండు వైపులా బస్తాలు వేలాడేసి, వెనక ఇంకో బస్తా కట్టి తోలతారు. ఆ బరువుకి ఆగాలని కొట్టువాళ్ళు అలాంటివే తెప్పించేవారు. బక్కపలచటి ముసలావిడ కూర్చుంటే ఆ స్ప్రింగుకి ఎవరో కూర్చున్నట్టే తెలీదు, రోడ్డు దెబ్బంతా ఆవిడ నడుమే తినాలి. ఈ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. కానీ మేష్టారి చెయ్యి అప్పటికే ఆ లావు వాటి మీద ఉంది. పెద్దమనిషి మనసు పడిన దాన్ని కాదనడం ఏం బాగుంటుందని ఊరుకున్నాడు. గట్టిది అంటే బలమైనది, బలమైనది అంటే అత్తగారిని కాపాడేది అని మన మేష్టారి లెక్క.

పెద్దిరాజు వాటిని బిగించాడు. మర్నాడు ఎలీసమ్మ గారిని ఎక్కించుకుని బయల్దేరాడు. ఆవిడ ఒక పక్కకి తిరిగి కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఊపిరి పీల్చిన చప్పుడు. "ఎలా ఉందండి అత్తయ్యగారూ?" అని అడిగేవాడు.

"హాయిగా ఉందండి అల్లుడుగారూ" అనేది ఆవిడ.

మరి ఆ ఊపిరి ఏమిటి? ఆయనకి అనుమానం. బడి నుంచి వచ్చి, అత్తగారంత బరువుకి కొబ్బరికాయలు బస్తాలో వేసి వెనక సీటుకి కట్టి రోడ్డు మీద తిప్పి చూశాడు. కాయలు ఏం చెప్తాయి? అవీ అత్తగారిలాగే ఏమీ అనకుండా ఊరుకున్నాయి. బస్తా మాత్రం గతుక్కి జానెడు ఎగిరి పడేది. అది చూసి ఆయన పరుగున అమలాపురం వెళ్ళి, సిగ్గుపడుతూనే, మార్చమని అడిగాడు. "అయ్యో, దానికేం భాగ్యమండీ" అన్నాడు త్రిమూర్తులు. కాయల బండ్లకి వేసేవని అప్పుడూ చెప్పలేదు.

సన్నవి బిగించాక బండి ఊయలలా ఊగింది. చిన్న గతుకులు తెలియలేదు, కానీ పెద్ద గొయ్యి వస్తే అడుగంటా దిగిపోయి ఠక్కున ఇనుముకి ఇనుము తగిలేది. "ఎలా ఉందండి అత్తయ్యగారూ?" "హాయిగా ఉందండి అల్లుడుగారూ." అవే మాటలు, అదే గొంతు. గట్టివాటికీ అదే, మెత్తవాటికీ అదే! వరప్రసాదానికి ఏడుపొచ్చింది. రూతుని అడగమన్నాడు. రూతు అడిగితే కూతురితోనూ అదే చెప్పింది ఆవిడ. నిజం చెబితే అది వెళ్ళి మొగుడితో అంటుందని ఆవిడకి తెలుసు. బండి కొనిచ్చింది తను, మోస్తోంది అల్లుడు. ఇక వంక పెట్టడానికి నోరెలా వస్తుంది?

అప్పుడు మన మేష్టారికి ఒక బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. ఎటూ తేల్చుకోలేని మనిషికి ఎలాంటి ఆలోచనలు వస్తాయో అలాంటిదే. ఒక పక్క గట్టిది, ఒక పక్క మెత్తది వేస్తే రెండు గుణాలూ కలిసొస్తాయి కదా! పెద్దిరాజుతో చెప్పాడు. పెద్దిరాజు తల గోక్కుని, బండి కేసి చూసి, "ఆయ్, అలాగేనండి" అన్నాడు. బిగించేశాడు. ఆ బండి కాలువ గట్టు మీద పీతలా ఒక పక్కకి నడిచింది. దేవుడి దయవల్ల ఆ పూట అత్తగారు వెనక లేరు. చక్రం జారి మేష్టారు సరుగుడు కంచెలో పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది.

"ఇలా అవుతుందని నీకు తెలీదా పెద్దిరాజూ?" అని అడిగాడు, కుంటుకుంటూ వచ్చి.

"తెలుసండి."

"తెలిస్తే చెప్పొద్దా నాయనా!"

"మేష్టారు చెప్పేక నేను ఎదురు చెప్తానేంటండీ, అంత మర్యాద తెలీని వాణ్ణా!" అన్నాడు పెద్దిరాజు నొచ్చుకుంటూ. మేష్టారు మాత్రం ఎవరికి ఎదురు చెప్పాడని? పక్కనున్న బల్ల మీద కూలబడి మోకాలు ఊదుకున్నాడు.

చివరికి సన్నవే రెండూ వేసి, స్ప్రింగు కింద బిగువు మార్చే గాట్లుంటాయే, వాటిని తిప్పి మధ్య గాటులో పెట్టించాడు. బండి బాగానే కుదిరింది. పెద్ద గోతిలోనూ అడుగంటలేదు. ఇంతకంటే ఏ రాజుగారి బండైనా మెత్తగా నడవదనుకున్నాడు. అయినా వెనక నుంచి ఆ ఊపిరి చప్పుడు పోలేదు. వారం వారం ఎక్కువైంది కూడా. డాక్టరు గారు ఆవిడ కాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూసి పెదవి విరిచారు. "బాగా కుదుపు తగులుతోందే" అన్నారు. వరప్రసాదం తల దించుకున్నాడు. ఎలీసమ్మ గారు మంచం మీంచి, "లేదండి డాక్టరు గారూ, మా అల్లుడుగారు పువ్వులా తీసుకొస్తారండి" అంది.

ఆవిడ మొహం తేటపడేది ఒక్క పంటు మీదే. రేవులో బండిని పంటు మీదికి ఎక్కించి నిలబెట్టేవాళ్ళు. ఆవిడ మెల్లగా నడిచి వచ్చి, తాళ్ళ చుట్ట మీద కూర్చుని నీళ్ళ కేసి చూస్తూ కళ్ళు మూసుకునేది. నుదుటి మీద ముడతలు విడిపోయేవి. ఆవిడ మొహం ఎదురుగా చూడగలిగేది అప్పుడే, ఎందుకంటే బండి మీద ఆవిడ వెనకా, తను ముందూ. ఈ వైనతేయ అమలాపురం ఆస్పత్రి గుమ్మం దాకా పారితే ఎంత బాగుండునని ఆయన ప్రతి వారం అనుకునేవాడు.

ఒక రోజు తిరిగి వస్తూ, కాలువ పక్క రోడ్డు మీద, ఏదో గేదెల మంద అడ్డం వస్తే బండి బాగా నెమ్మది చేశాడు. కాలువ నిండుగా, కదలకుండా ఉంది. అనుకోకుండా నీళ్ళలోకి చూశాడు. బండి కనిపించింది. ముందు తను. తన వెనక అత్తగారి సంచి, బైబిలూ తుండుగుడ్డా ఉన్న సంచి, నిలబెట్టి ఉంది. దాని వెనక ఇంకా జానెడు ఖాళీ. ఆ ఖాళీకి వెనక, సీటు అయిపోయే చోట, ఎర్రలైటు మీద అంచున, ఎలీసమ్మ గారు. చేతులు రెండూ వెనక్కి పెట్టి సీటు వెనక కడ్డీ పట్టుకుని ఉంది. అల్లుడి వీపు తగలకూడదని, అల్లుడి భుజం పట్టుకోకూడదని ఇన్ని వారాలూ అలాగే వచ్చింది మహాతల్లి! అక్కడ కూర్చున్న వాళ్ళకి ఏ స్ప్రింగు వేస్తే మాత్రం ఏం లాభం? షాకబ్జర్లన్నీ దాటిపోయి, బండి తోక మీద కూర్చుంది ఆవిడ. ప్రతి గతుకూ ఆవిణ్ణి పైకి విసిరి కింద పడేస్తోంది.

అయితే చెప్పెయ్యొచ్చు కదా అంటారు మీరు. "అత్తయ్యగారూ, ముందుకి జరిగి నన్ను పట్టుకోండి" అని. మీరు చెప్తారేమో గాని ఆయన చెప్పలేడు. పెద్దావిడతో, అందులో అత్తగారితో, ఆ మాట ఏ నోటితో అంటాడు? ఇంటికి వెళ్ళి రూతుతో చెప్పాడు. రూతు తల్లి మీద ఎగిరింది. "అమ్మా, ఆయన కొడుకులాంటోరు కాదేంటి? భుజం పట్టుకుంటే ఏం పోయింది?"

"తప్పే! మీ నాన్న భుజమే బజార్లో ఎప్పుడూ పట్టుకోలేదు నేను. రేపొద్దున్న అల్లుడుగారి మొహం ఎలా చూస్తానే" అంది ఎలీసమ్మ గారు, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మరుసటి వారం వరప్రసాదం ఒక ఉపాయం పన్నాడు. ఆవిడ ముందుకి రాకపోతే తనే వెనక్కి జరుగుదామని, నడుస్తూ ఉండగా కాస్త వెనక్కి జరిగాడు. ఆవిడా ఆ కాస్తా వెనక్కి జరిగింది. ఇంకొంచెం జరిగాడు. వెనక కడ్డీ కిర్రుమంది. ఇంకా జరిగితే ఆవిడ రోడ్డు మీద ఉంటుందని భయం వేసి, హడావుడిగా ముందుకి జరిగి పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్నంత పని చేశాడు. ఆ ఖాళీ మరింత పెరిగింది. అమలాపురం దాకా ఆయన కళ్ళు తడుస్తూనే ఉన్నాయి, తుడుచుకుందామంటే హేండిలు వదల్లేడు.

వానలు వెనకబట్టాక ఒక వారం. రేవులో పంటు దిగి, ఎలీసమ్మ గారు గట్టు మీదికి తనే నడిచి వచ్చింది. ఆగి ఆగి నడిచింది గాని, నడిచింది. బండెక్కింది. బోడసకుర్రు దాటాక ఒక తూము దగ్గర వానకి రోడ్డు కోసుకుపోయి ఉంది, ఆ సందుని ఎండుటాకులు కప్పేశాయి. ఆయన చూడలేదు. చక్రం దిగి లేచింది. వెనక నుంచి ఊపిరి చప్పుడు కూడా రాలేదు. గాభరాగా, "ఎలా ఉందండి అత్తయ్యగారూ?" అన్నాడు.

జవాబుకి బదులు, ఆయన భుజం మీద ఒక చెయ్యి పడింది. తర్వాత ఆ వీపు మీద ఒక తల ఆనింది. సంచి మధ్యలో నలిగింది. ఆ సంచి మీదుగా ఆవిడ బరువంతా ఆయన మీదికి వచ్చింది.

వరప్రసాదం ఆనందం ఏం చెప్పమంటారు! ఇన్నాళ్ళకి! రూతు పోరు ఫలించిందనుకున్నాడు. కొడుకుని పట్టుకున్నట్టు పట్టుకుందనుకున్నాడు. తల్లి ఎరగని మనిషి కదా, వీపు మీద ఆ తల బరువు ఆయనకి కొత్త. ఎక్కడ జారిపోతుందోనని భుజం కూడా కదపలేదు. రోడ్డు మంచి చోట మరీ మంచి చోటు వెతికి నడిపాడు. గతుకులు వచ్చినా ఆ ఊపిరి చప్పుడు లేదు. చర్చిలో పాడే పాట ఒకటి పెదవుల మీదికి వచ్చింది.

"ఎలా ఉందండి అత్తయ్యగారూ?" అన్నాడు మళ్ళీ.

"హాయిగా ఉందండి అల్లుడుగారూ" అంది ఆవిడ మెల్లగా. "నొప్పి తెలీటం లేదండి."

"ఆయ్! అలా పట్టుకుని కూర్చోండి మరి" అనేశాడు. నోటమ్మట ఆ మాట వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయాడు.

ఆస్పత్రి ఆవరణలో బండి ఆపి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, "దిగండి అత్తయ్యగారూ" అన్నాడు.

"దిగుతానండి" అంది ఆవిడ. దిగలేదు.

"దిగండి, పరవాలేదు, నేను పట్టుకున్నాను బండి."

"దిగుతున్నానండి" అంది మళ్ళీ. సీటు కదలలేదు. అప్పుడు తల తిప్పి కిందికి చూశాడు. ఆవిడ కాళ్ళు రెండూ బండి పక్కన వేలాడుతున్నాయి. ఒక కాలికి చెప్పు లేదు. దారిలో ఎక్కడో జారిపోయింది. చెప్పు పోయిన కాలు రోడ్డుకి రాసుకుంటూ వచ్చినట్టుంది, బొటనవేలు చెక్కుకుపోయి నెత్తురు బొట్లు బొట్లుగా మట్టిలో పడుతోంది.

"అత్తయ్యగారూ, కాలు... కాలు నొప్పిగా లేదండీ?"

ఎలీసమ్మ గారు కూడా వంగి ఆ నెత్తురు చూసింది. ఎవరి కాలో చూసినట్టు చూసింది.

"లేదండి అల్లుడుగారూ" అంది. "ఈసారి నిజంగానే లేదండి."

బండి వదిలి ఆవిణ్ణి పట్టుకుందామంటే బండి ఆవిడతో సహా పడిపోతుంది. బండి పట్టుకుంటే ఆవిడ జారిపోతోంది. వరప్రసాదం హేండిలు ఒక చేత్తో, భుజం మీదున్న ఆవిడ చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, ఏదీ వదల్లేక, ఆస్పత్రి గుమ్మం కేసి చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"మీకు శ్రమ ఇస్తున్నానండి" అంది వెనక నుంచి ఎలీసమ్మ గారు.